తరుగు

పొద్దున మిర్చి యార్డులో కాటా రాస్తాను.
సాయంత్రం నల్లపాడు రోడ్డు పక్క ఖాళీ స్థలంలో
తొమ్మిదిమంది ఆడపిల్లలకు బేస్‌బాల్ నేర్పుతాను.
రెండింటికీ ఒకటే నోటుపుస్తకం.
ముందు నుంచి టిక్కీలు, వెనక నుంచి పరుగులు.
మధ్య పేజీలో ఎప్పుడో గుద్దుకుంటాయని
మా గుమస్తా నవ్వుతాడు.

కెజియా చెయ్యి గురించి చెప్పాలి.
వాళ్ళమ్మ పక్కన కూర్చుని ముచ్చికలు తీసి తీసి వస్తుంది.
ఆ వేళ్ళ మంట బంతి కుట్లకు తెలుసు.
వంకర బంతి వెయ్యమ్మా అంటే
"తిన్నగా వేసినా తగలదు కద సార్" అంటుంది.
నిజమే, సగం సార్లు.
మిగతా సగం నా రాత్రులు తినేస్తుంది.

నాగూర్‌బీ మాట్లాడదు.
మాస్కు వెనక నుంచి మైదానాన్ని
బియ్యంలో రాళ్ళేరినట్టు చూస్తుంది.
తిరుపతమ్మ ఎండలో బంతిని పోగొట్టుకుని
నీడలో వెతుకుతుంది.
అయినా తీసెయ్యను.
ఆ పిల్ల అరుపు లేకపోతే
మిగతా ఎనిమిదిమందీ ఉత్త ఎనిమిదిమందే.

గెలవడం ఎలాగో నాకు తెలుసని వీళ్ళ నమ్మకం.
నాకు తెలిసిందల్లా
ఎదుటి జట్టు బస్సు దిగేటప్పుడు చూడటం.
నీళ్ళ సీసా ఎవరు ముందు ఎత్తుతారు,
ఎవరు పక్కవాళ్ళకిస్తారు.
మొన్న పటమట పిల్లలు దిగారు.
ఒక్క సీసా పదిమంది చుట్టూ తిరిగి
ఇంకా సగం నీళ్ళతో మొదటి చేతికే వచ్చింది.
ఇవాళ అయిపోయాం, అనుకున్నాను.

మా బేసులు కొన్నవి కావు.
యార్డులో పారేసిన గోతాలు, ఇసుక పోసి కుట్టినవి.
ఎంత దులిపినా
గోతం పాత కాపురం మరిచిపోదు.
మా పిల్లలు కళ్ళు మూసుకుని జారతారు,
లేచాక తెరుస్తారు.
నేను నేర్పలేదు.
వచ్చినవాళ్ళకు చెప్పనూ లేదు.

నాలుగు, మూడు. నాలుగు మాది.
ఆఖరి ఇన్నింగ్స్, ఇద్దరు ఔట్.
వాళ్ళ మేఘమాల మూడో బేసు మీదికి బోర్లా జారింది.
సేఫ్.
లేచి గోతం తడిమిన చేత్తోనే
ముఖం తుడుచుకుంది.
టైమ్ అడగలేదు. ఆ వయసులో అడగరు.
తర్వాతి దెబ్బకు పరుగెత్తింది,
కళ్ళనీళ్ళు చెవుల వైపు కారుతుంటే.
తిరుపతమ్మ విసిరిన బంతి
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తిన్నగా వచ్చింది.
ప్లేటుకు జానెడు ఇవతల నేలను తాకి
చేరాననుకుని చేతులెత్తి నవ్వింది మేఘమాల.
నాగూర్‌బీ ఒంగి
ఆ భుజం మీద బంతి ఆనించింది,
నిద్రపోతున్న పిల్లను లేపినట్టు.

మావాళ్ళు గాల్లో ఉన్నారు.
వాళ్ళ కోచ్ సత్యవాణి గారు అంపైర్ దగ్గరికి పోలేదు.
టీ బండి దగ్గర పచ్చిపాలు అడిగి తెచ్చి
దోసిలితో ఆ పిల్ల కళ్ళు కడిగింది.
నన్ను చూసి,
"మీ ఊరి కారం గురించి విన్నామండీ,
ఇంత దగ్గరగా అనుకోలేదు" అంది.
నవ్వుతూనే అంది. అదే ఇబ్బంది.

తిరిగి వస్తుంటే నా సైకిల్ పక్కన నడుస్తూ
నాగూర్‌బీ నోరు విప్పింది.
"ఆ అమ్మాయికి నేను కనపళ్ళేదు సార్."
లాలాపేట మలుపు దాకా మళ్ళీ మాట లేదు.

ముప్ఫై ఏళ్ళుగా కాటా ముందున్నాను.
ఏ టిక్కీకీ తూగినంతా రాయరు.
గోతం బరువని కొంత, తేమని కొంత,
తాలుకాయని కొంత తీసి
మిగిలిందే సరుకు.
రైతు తిట్టుకుంటాడు. తిట్టాలి కూడా.
ఆ తరుగులో ఎంత ఎవరి కడుపులోకి పోయిందో
రాసే చేతికి తెలుసు.

రాత్రి వెనక పేజీలో రాశాను:
పటమట మీద గెలుపు, 4-3.
కింద ఇంకో వరస: గోతం తరుగు.
ఎంతో వెయ్యలేదు.
పెన్ను మూత తీసి కాసేపు అలాగే కూర్చున్నాను.

రేపు బేసులు విప్పి బియ్యం సంచులతో కుట్టించాలి.
వచ్చే నెల వాళ్ళ నేల మీద ఆట.
కృష్ణ ఇసుకట, మెత్తగా ఉంటుందట.
ఈలోపు కెజియాకు వంకర బంతి రావాలి.
ఆ నీళ్ళ సీసా సంగతి కూడా మా పిల్లలకు చెప్పాలి.
ఎలా మొదలెట్టాలో తెలియడం లేదు.
మా జట్టులో ముందు తాగేది నేనే.