పన్నెండోవాడి లెక్క

ఫసలీ పదమూడొందల నలభై ఎనిమిది, ఆజూర్ నెల.
హన్మకొండ కాలేజీల మేం నూటా ముప్పై మందిమి,
అందుల పరుగెత్తగలిగినోళ్లు పదకొండు.
నేను పన్నెండు.

అప్పట్ల ఆట మధ్యల మనిషిని మార్చే రివాజు లేదు.
కాలు విరిగితే పదిమందే ఆడాలె.
కాబట్టి నా కొలువు: నిమ్మకాయ బద్దలు, నీళ్ల కూజ,
రేగడి మీద సున్నం గీత, స్కోరు బుక్కు.
స్కోరు ఉర్దూల రాసేది, కుడి నుంచి ఎడమకు.
తిట్లు తెలుగులనే తిట్టుకునేది,
అవి బుక్కుల ఎక్కలేదు.

బంతి ఒక్కటే.
సికింద్రాబాదు నుంచి పార్సిల్ల వచ్చింది,
ఆరు రూపాయలు, హాలీ సిక్కా.
గాలి పంపు వచ్చే నెల అన్నరు.
ఆ వచ్చే నెల ఇంకా రాలే.
గట్టయ్యనే నోటితోని ఊదేటోడు.
వర్ధన్నపేట దిక్కు పిలగాడు, హాఫ్ బ్యాకు.
పొద్దున్నే జొన్నరొట్టె, పచ్చి ఉల్లిగడ్డ తినొచ్చి
బ్లాడరుకు మూతి ఆనిచ్చి
కండ్లు ఎర్రగయ్యేదాక ఊదితే
కెప్టెన్ ఫసీహుద్దీన్ బొటనవేలితో నొక్కి
"ఔర్ థోడా" అనేటోడు.
ముడి వేసేది నేను.
తోలు కుట్టేది చౌరస్తా కాడి రాజలింగు.
మ్యాచు ఉన్నరోజు ఆయన దుకాణం కట్టేసి వచ్చి
గీత అవతల గొంతుక్కూసుని
మమ్ముల గాదు, తన కుట్లను చూసుకునేటోడు.

కాజీపేట రైల్వేకు బూట్లున్నయి. మాకు కాళ్లున్నయి.
ఏడు, సున్న.
వాళ్ల గోలీ డికాస్టా
పోస్టుకు ఆనుకొని సిగరెట్ ముట్టిచ్చిండు,
అది ఆరేలోపల అవుతల మా గోల్ల రెండు పడ్డయి.

బెల్లంపల్లి బొగ్గుబాయి జట్టు మీద నాలుగు, ఒకటి.
ఆ ఒకటి, సాలంతట్ల మా ఒకే ఒక్కటి,
వాళ్ల మనిషి నెత్తికే తాకి లోపలికి దొర్లింది.
"దగ్గర్ల ఎవడున్నడో వాని పేరు రాయి" అన్నడు డ్రిల్లు మాస్టరు.
ముర్తుజా అని రాసిన.
ఆట అయినంక వాళ్లు చేతులు కలిపిన్రు.
రాత్రి రైల్ల మేం తిన్న అటుకులు
వాళ్ల బొగ్గు రుచే ఉండె.

ఆజంజాహి మిల్లు మీద గెలుద్దుమో, ఓడుదుమో.
సైరన్ మోగింది.
బంతి నడుమనే ఇడిసి
పదకొండు మంది పాళీకి ఉరికిన్రు.
ఎదురు ఎవ్వరు లేని మైదానంల
మావోళ్లు ఎటు తన్నాల్నో తెలువక నిలబడ్డరు.
బరాబర్ అన్నడు రెఫరీ.

ఆఖరుది కరీంనగర్ మీద.
గట్టయ్యకు చలిజ్వరం.
గొంగడి కప్పుకొనే వచ్చి, పండ్లు టకటక కొట్టుకుంట
బంతి ఊది,
తన బనీను నాకిచ్చి, నా బుక్కు తను తీస్కున్నడు.
ఎట్ల ఆడిన్నో నాకు యాది లేదు.
ఎండ, దుమ్ము, ఎవనిదో మోచెయ్యి.
తర్వాత బుక్కు తిరగేస్తే
రెండు, సున్న. కింద, ఆ బుక్కు మొత్తంల ఒకే తెలుగు ముక్క:
"పన్నెండోవాడు పడ్డడు. లేచిండు. మళ్లా పడ్డడు."

అదే ఫసలీ ఆఖర్ల లడాయి లేసింది.
తోలు సిపాయిల బూట్లకు పోయింది,
బంతి కోసం రాసిన అర్జీకి జవాబు రాలె.
గట్టయ్య లారీలు నడుపుతనని పేరిచ్చిండు.
బస్రా నుంచి ఒక్క కార్డు.
సగం వరుసల మీద నల్లసిరా.
మిగిలిన సగంల "ఇక్కడ మైదానం శాన పెద్దగున్నది."
అటెన్క కార్డు లేదు.

నాలుగేండ్లకు అదే కాలేజీల గుమస్తానైన.
సామాన్ల లెక్కకు స్టోరు రూము తీస్తే
ఇనుప పెట్టె అడుగున, ముడతలు పడి, అది.
వేలితో నొక్కిన.
పిడికెడు గాలి ఇంకా ఎదురు నొక్కింది.
నా ముడే. సగం విప్పిన.
ఉల్లిగడ్డ వాసనొచ్చిందంటే మీరు నమ్మరు,
నేనూ అనను.
గబగబ మళ్లా బిగించి
లిస్టుల రాసిన:
బంతి, ఒకటి. పాతది.
పనికొస్తది.