టికెట్టు యాభై

చెప్పులు ఇడిసే పన్లేదు, ఇది గుడి కాదు.
తల మాత్రం వంచండి,
మా వాకిండ్లు పొట్టివి.
నా పేరు కాశింబీ.
జమ్మలమడుగు బస్సు నాలుక్కి, తొందర లేదు.

ఈ మిద్దెలో పద్దెనిమిది మందిమి,
తొమ్మిది దినాలు.
అదో, ఆ గవాచిలోంచే ఎండ, వాన,
ఒకసారి బాంబు.
పేల్లేదు. కడవలో ముంచేసినాం.
ఇంట్లో ఉన్న నీళ్లు ఆ కడవొక్కటే.

బయట ఏం జరిగిందో నన్నడగొద్దు.
ఆ ముక్క మద్దిలేటి చెప్తాడు.
అప్పుడు ఆయప్ప బయటుండె,
బావికాడ కాపలా.
ఎడమచేత్తో చూపిస్తాడు అన్నీ.
కుడిది ఎట్ల పోయిందో ఆయప్పే చెప్తాడు,
చెప్తే.

వచ్చిన డబ్బులు సగం సగం.
బీడీకట్ట ఖర్చు మాత్రం ఆయప్పదే.

ఫోటోలు తీసుకోండి.
గోడలో బొక్కలు లెక్కబెట్టండి పిల్లోల్లారా,
పోయినేడు వచ్చినోల్లు ముప్పైయారన్నారు.
నేనెప్పుడూ లెక్కబెట్టలేదు.

ఇంగ బావి.
ఈడ ఇద్దరం ఏం చెప్పం.
ఆయప్ప ఒంటిచేత్తో చేంతాడు పడతాడు,
రెండో చెయ్యి నేనేస్తా.
తలా ఒక చెంబు.

తాగండి.
అడుగున మిగిలింది పారబోయొద్దు,
ఇట్లియ్యండి.