గింజలు

జడ్చర్ల ఫ్లైఓవర్ కింద
సీతాఫలాల తట్ట ముందు కూసున్న కుర్మమ్మ
పండు కొనకుండ గింజలడిగిన నన్ను
కిందికి మీదికి చూసింది.
తిని ఉమిసినవి, పగిలిన పండ్లల్లవి
కవర్ నిండ ఏరిపెట్టింది. పైసలొద్దంది.

యూనివర్సిటీ ల్యాబుల కరెంటు పోతే
ఇంక్యుబేటర్ తలుపు ఎవరూ తెరవకుండ కాపలా కాస్త.
లోపల, ఏ తల్లి రొమ్ముల పుట్టినయో,
చావు మరిచిన కణాలు.
ఆదివారం గూడ వాటికి మేత మార్చాలె.

నల్ల గింజల సారం చుక్క చుక్క కలిపిన.
మూడో దినం మైక్రోస్కోపుల
అన్నీ గుండ్రంగ ముడుసుకుని తేలుతున్నయి.
పక్క ప్లేటుల మంచి కణాలూ తేలుతున్నయి.
"బ్లీచింగ్ పౌడర్ పోసినా సస్తయి" అన్నడు గైడు,
టీ గ్లాసు దించకుండనే.

మల్ల గింజలకు పోతే కుర్మమ్మ అడిగింది:
"పేన్లు సచ్చినయా?"
సచ్చినయి గని, సావొద్దన్నవి గూడ.
ఆమె నవ్వలే.
"తలకు రాసేటప్పుడు
కండ్లకు గుడ్డ గట్టాలె బిడ్డా.
గంత గూడ చెప్పలేదా మీ సారు?"

బస్సుల, టికెట్ ఎనుక రాసుకున్న ఆ మాట.
కండ్లు ఏవో, గుడ్డ దేంతోనో
ఇంకా తెల్వదు.
నాలుగో ఏడు నడుస్తున్నది.