తెలుగులోకి తిప్పిన మాట

బరంపురం పెద్దాసుపత్రిలో డాక్టరు
"బృక్క" అన్నాడు, ఎడమవైపుది.
పర్లాకిమిడిలో పుట్టినవాణ్ణి, ఒడియా నాకు
ఉగ్గుతోనే వచ్చింది.
అయినా ఆ మాటను ఇంటిదారి పట్టేదాకా
తెలుగులోకి తిప్పుకోలేదు.

పోయిన చైత్రంలో దమయంతి కడుపు
నెలల్ని మించి పెరిగింది.
కవలలే, అంది మా వదిన.
స్కానులో బిడ్డ లేదు.
ఉడికిన సగ్గుబియ్యంలా బుడగల గుత్తి.
తీసేశారు. నెలనెలా రక్తం చూపించుకోమన్నారు.
రెండు నెలలు వెళ్లాం.
మూడోనెల నూటపది దువ్వెనల ఆర్డరు.
కుంపటి మీద కొమ్ము మెత్తబడుతుంటే
నేను మరిచిపోయాను.
ఆమె మరిచిపోలేదు. చెప్పలేదు, అంతే.

కార్తీకంలో మూత్రం ఎర్రగా వచ్చింది.
బీట్‌రూటు తిన్నానేమో అంది.
మా ఇంట్లో బీట్‌రూటు ఎవరూ వండరు.
పరీక్ష పట్టీ మీద మళ్లీ రెండు గీతలు.
గర్భసంచిలో ఎవరూ లేరు.
పుట్టకుండానే ఇల్లు దాటి
నెత్తురు వెంట నడిచి
నడుములో కాపురం పెట్టింది.

బస్సు పలాస దాటాక మాట దిగింది:
మూత్రపిండం.
ఇందులో పిండాన్ని ఎవరు పెట్టారు?
కడుపులో పెరిగేదానికీ అదే మాట,
కాకికి పెట్టేదానికీ అదే.
దమయంతి కిటికీకి తల ఆన్చి నిద్రపోతోంది.
గతుకు వచ్చినప్పుడల్లా
అద్దానికీ నుదుటికీ మధ్య నా అరచెయ్యి పెట్టాను.

మందెక్కించిన ప్రతి మంగళవారం ఒక అంకె ఇస్తారు.
లక్షా నలభై వేలు.
అరవై రెండు వేలు.
పని బల్ల మీద సుద్దతో రాస్తాను,
సగం చెక్కిన రొయ్య పక్కన.
నిరుడు ఈ అంకె పెరిగినందుకే కదా
మజ్జిగౌరమ్మకు మొక్కుకున్నాం!
తిరగేసి ఎలా మొక్కాలో తెలీక
కొబ్బరికాయ కొట్టకుండానే వెనక్కి తెచ్చాను.

జుట్టు రాలిపోయింది.
నేను దువ్వెనలు చేసేవాణ్ణి.
ఆ సంగతి ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు.

నిన్నటి అంకె నలభై ఏడు.
బల్ల దగ్గరికి గోడ పట్టుకుని వచ్చి
చాలాసేపు చూసింది.
"ఏటిలా సన్నబడిపోనాది," అంది,
పాలు పట్టని పిల్లను
చూసి వచ్చినట్టు.