మిషను బల్ల మీద

ప్యాకెట్లో పది గింజలు, అరవై రూపాయలు.
మొజంజాహీ మార్కెట్ దగ్గర కొట్టాయన
చిల్లర లేదని మెంతుల పొట్లం చేతిలో పెట్టి
"అడుగుకు మించి ఎదగదమ్మా" అన్నాడు.
చెర్రీ టమాటా సంగతే.
నా పొడవు చూసి అన్నాడేమోనని
వారాసిగూడలో బస్సు దిగేదాకా అనుమానం.

ఇరానీ హోటల్ కాగితం కప్పులు,
కాల్చిన సూదితో అడుగున మూడేసి చిల్లులు.
చెమ్కీ కంటే చిన్న గింజ, ఒళ్ళంతా నూగు.
పావు అంగుళం లోతు.
అంగుళాల్లో నేను తప్పను.

ఎనిమిదో రోజు ఒకటి లేచింది,
చొక్కా తలకి ఇరుక్కున్న పిల్లాడిలా
పెంకు నెత్తిన పెట్టుకుని.
సాయం చేద్దామని లాగాను.
తల ఊడొచ్చింది.

మొత్తం ఆరు మొలిచాయి.
అందులో ఒకటి అదీ.
ఒకటి ఎలుక పాలు.
రెండు నేను పోసిన నీళ్ళకే కుళ్ళాయి.
ఒకటి మస్తాన్‌బీ అడిగితే ఇచ్చాను.

మిగిలినదాన్ని పెరుగు డబ్బాలో నాటి
మేడ మీద పెట్టాను.
జనవరికి పదకొండు అంగుళాలు,
చంటిపిల్ల గౌను పొడవు.
అక్కడితో ఆగి
ఆకులకు కుచ్చిళ్ళు పోసుకుంటూ కూచుంది.
పూలు పూసింది.
పూసినవి పూసినట్టే కాడ దగ్గర విరిగి రాలాయి.
ఇటు సెల్ టవరు, అటు రేకుల షెడ్డు,
నాలుగో అంతస్తుకు తుమ్మెద ఏ దారిన వస్తుంది?

ట్యాంకు కడిగే మనిషొస్తున్నాడు,
కుండీలు తియ్యమని ఓనరు కబురు.
రెండ్రోజులకని తెచ్చి
కిటికీ పక్కన, మిషను బల్ల మీద పెట్టాను.

పెళ్ళిళ్ళ రోజులు. అర్ధరాత్రి దాకా మోటారు.
బల్ల వణికేది, దాంతో డబ్బా, దాంతో కాడ,
కాడ చివర తల వేలాడేసిన పువ్వు.
ఒక మధ్యాహ్నం
నల్ల జాకెట్టు గుడ్డ మీద పసుపు పొడి.
నా సుద్దముక్క తెలుపు.
ఎక్కడిదో అనుకుని దులిపేశాను.

ఆ వారం పువ్వు రాలలేదు.
రేకులు ఎండి వెనక్కి ముడుచుకున్నాయి,
నడుమ ఆవగింజంత పచ్చ గుండీ.
చాలాసేపు చూశాను.
తర్వాత పాదంతో మళ్ళీ నొక్కాను,
సూది కింద గుడ్డ లేకుండానే.

చిలకపచ్చ, నిమ్మపండు, కనకాంబరం.
సుల్తాన్‌బజారంతా తిరిగినా
లైనింగుకు దొరకని రంగొకటి
మంగళవారం ఉంది,
బుధవారానికి లేదు.

ఎస్తేరు టీచరొచ్చింది.
కూలిలో ఇరవై తగ్గించనిదే
బ్యాగు జిప్పు తియ్యని మనిషి.
హుక్కులు కుట్టేదాకా నిలబడి,
ఎవరిదో పెద్దకూతురి సంగతి చెబుతూ
మాట మధ్యలో చెయ్యి చాచి
మొదట ఎర్రబడ్డదాన్ని తెంపి
నోట్లో వేసుకుంది.
"పుల్లగా లేదే!" అంది,
పంటికి గింజ అంటుకుని ఉండగానే.

చీటీ రాశాను.
లైనింగు జాకెట్టు, మూడువందల యాభై.
హుక్కులు, ఇరవై.
టమాటా, పది.

చదివింది. అద్దాల మీంచి నన్ను చూసింది.
ఇరవై తగ్గించమంది.
తగ్గించాను,
జాకెట్టులో.