చింతపిక్కలు, సీతాఫలం గింజలు

గుణుపురం పెట్రోలు బంకులో
ఆ రాత్రి లెక్క నాది.
పదకొండేళ్లు నాకు. నాన్న చేతిపంపు తిప్పేవాడు.
దిబాకర్ పాఢి పెట్రోలు ఫియట్ తిరిగొస్తే ఒక చింతపిక్క,
దాలయ్య డీజిలు అంబాసిడరుకి ఒక సీతాఫలం గింజ,
రెండు కొబ్బరిచిప్పల్లో వెయ్యాలి.
సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఆరు దాకా
ఘాటీ కింద ఫారెస్టు గేటు తాకి రావడం,
ఎవరివి ఎక్కువైతే వాళ్లకి
టాక్సీ స్టాండులో మొదటి చోటు.

మొదట నోరు జారింది దిబాకరే.
"ట్రాక్టరు గుండె పెట్టుకున్నదీ ఒక కారేనేటి?"
"నీదానికి తాగుడెక్కువ బావూ,
పొద్దస్తమానం సీసా పట్టాల" అన్నాడు దాలయ్య.
చాలు, ఊరికి ఆ మాత్రం చాలు.

నాన్న తువ్వాలు విసిరేసరికి
ఫియట్ మలుపు దాటిపోయింది.
దాలయ్య తాళం సగం తిప్పి
హీటరు కాయిలు ఎర్రబడేదాకా బీడీ ముట్టించుకున్నాడు.
జనం విరగబడి నవ్వారు.
తర్వాత ఆ బండి దగ్గింది, ఉమ్మింది,
నల్లటి పొగ ఒకటి మా మొహాల మీద పారేసి
గోనెబస్తాలు మోసే మనిషిలా కదిలింది.

తొమ్మిదింటికి అయిదు పిక్కలు, మూడు గింజలు.
ఒంటిగంటకి పది, తొమ్మిది.
ఫియట్‌కి దాహం.
ఆగడం, మూత తియ్యడం, నాన్న చెయ్యి నొప్పెట్టేదాకా తిప్పడం,
కార్బొరేటరు మీద తడిగుడ్డ వెయ్యడం,
ఆ వాసనకి నాకు కళ్లు తిరిగేవి, బాగుండేది కూడా.
డీజిలు బండి ఆగనే లేదు.
కిటికీలోంచి చెయ్యి చాపితే టీ గ్లాసు అందిచ్చేవాళ్లు,
మళ్లీ వచ్చినప్పుడు ఖాళీ గ్లాసు ఇచ్చేవాడు.

జనం ఒక్కొక్కరే ఇళ్లకి పోయారు.
నాన్న ఆయిలు డ్రమ్ముకి ఆనుకుని గురక.
నేను మెలకువగానే ఉన్నానని
ఇప్పటికీ చెప్పగలను, ఎవరైనా అడిగితే.

దాలయ్య బండి మైలు అవతల్నించే నేలలో వినిపించేది.
పళ్లెం మీద చెంబు వణికేది.
లేచి కూచుని గింజ వేసేదాన్ని.
దిబాకరు మాత్రం
బంకు ముందున్న వాలులో ఇంజను ఆపేసి జారి వచ్చేవాడు,
మళ్లీ దిగువ రోడ్డు మీద గేరు వేసుకునేవాడు.
చుక్క పెట్రోలు మిగుల్చుకోడానికో,
నా నిద్ర చెడగొట్టకూడదనో.
అడగలేదు.

పొద్దున్న ఆరింటికి స్టాండు జనమంతా చుట్టూ చేరి
నా చేత చిప్పలు బోర్లించారు.
పదిహేడు గింజలు. పదహారు పిక్కలు.
దాలయ్యని భుజాల మీదికెత్తారు.
దిబాకరు బానెట్ మీద చెయ్యి వేసి
వేడి చూసుకుంటున్నాడు, జ్వరమొచ్చిన పిల్లకి చూసినట్టు.
"గుంట లెక్క గుంట లెక్కే" అన్నాడు.

నా కుడి పిడికిట్లో
చెమటకి అంటుకుపోయిన చింతపిక్క ఒకటి.
కంకర మీద టైరు నలిగిన చప్పుడు
కలలోదే అనుకున్నాను మరి.
గౌను జేబులో వేసుకున్నాను.
అది పడుంటే సరిసమానం.
ఇంకా ఎన్నిసార్లు కునుకు పట్టిందో తెలీదు.

ఏడాది తిరక్కుండా స్టాండంతా డీజిలే.
దాలయ్యకి కుడి చెవి వినిపించడం మానేసింది,
ఎడమపక్క కూచున్నవాళ్లతోనే ఇప్పుడు మాటలు.
దిబాకరు ఫియట్‌ని చెప్పుల కొట్టు సాహుకారికి అమ్మి
పాత డీజిలు జీపు కొన్నాడు.

నాన్న పోయాక అదే బంకులో క్యాషు నాది.
జీపు వస్తుంది. దూరం నుంచే తెలుస్తుంది.
అతను నోట్లిస్తాడు, నేను చిల్లరిస్తాను,
చూడకుండానే జేబులో వేసుకుంటాడు.

నేను రెండుసార్లు లెక్కపెడతాను.