మొదటి రోజు లెక్కలోకి రాదు

సమను అందిన రోజు లెక్కలోకి రాదు.
ఆ ఒక్క రోజూ
చట్టం మనిషిని ఏడవనిస్తుంది.
మర్నాటి నుంచి పది.

ఇరవై ఆరేళ్లుగా సోంపేట కోర్టులో
వకీలు గుమస్తాని.
కాగితాలు కుట్టే సూది నా జేబులోనే ఉంటుంది
పెన్ను పక్కన.
పది దాకా లెక్కపెట్టడమే నేను చదివిన లా.

మడ్డు డిల్లమ్మ ఎనిమిదో రోజున వచ్చింది.
ఎడమ చేతి నరం
బావి చేదలా ఉబ్బి ఉంది.
"ఇన్నాళ్లూ ఏటి సేసినావమ్మా?"
"మిసనుకెల్లినాను బాబూ.
సోమారం, బుదారం, శనారం.
మిసను నాడు నాను మడిసిని కాను
మర్నాడు సగం మడిసిని."

వేళ్ల మీద వేశాను.
పదిలో నాలుగు రోజులు రక్తానికి,
నాలుగు మంచానికి.
మిగిలినవి రెండు శుక్రవారాలు.
ఒకటి అప్పుడే వెళ్లిపోయింది.
రెండోది నా ఎదురుగా
బల్ల మీద కూర్చుని
మంచినీళ్లు కొలిచి తాగుతోంది.

ఈ రకం దావాలో
ప్రతివాది నేరుగా మాట్లాడకూడదు.
మాట్లాడనివ్వండి అని ముందు అడగాలి.
అడగడానికే ఈ పది రోజులు.
అఫిడవిట్లో రాయనిది జరగనట్టే,
జత చేయనిది లేనట్టే.

"నోటు మీద సంతకం నీదేనా?"
"నాదే. లేదన్ను.
తీర్చీసినాను గాదా మరి!"
సంచిలోంచి తీసింది,
జీడిపప్పు పెట్టెల అట్టముక్కలు, నలభై ఒకటి.
పొట్టు తీసిన కేజీలు, కూలి, పట్టుకున్నది,
అన్నీ షావుకారు పెన్సిల్ రాత.
చివరి రెండు వాయిదాలు మాత్రం
మనవడి ఫోన్లో ఉన్నాయి.

ఫోన్లోది ఫోన్లోంచి నడిచి కోర్టుకి రాదు.
దానికో సర్టిఫికెట్టు కావాలి.
ఆ ఫోను ఎవరిది, ఎవరి చేతిలో ఉంటుంది,
ఆ రోజుల్లో సరిగ్గా పనిచేసిందా.
మనిషి సరిగ్గా పనిచేస్తోందా అని
అడిగే ఫారం
నా బీరువాలో ఒక్కటీ లేదు.

పదో రోజు ఆదివారం పడింది.
ఆఖరి రోజు సెలవైతే
తలుపు తీసే రోజు దాకా కోర్టు ఆగుతుంది.
మిషను ఆగదు.
సోమవారం ఆమె అటు వెళ్లింది
నేను కట్ట పట్టుకుని ఇటు వచ్చాను.

కౌంటర్లో సూర్యకాంతం గారు
కళ్లద్దాలు నుదుటికెత్తి
"ఈ పెన్సిలు ఆనటం లేదండి,
సుబ్బరంగా నకలు రాసి జత చెయ్యండి" అన్నారు.
మూడున్నర.
వరండాలో, టైపు మిషను చప్పుడు పక్కన
మోకాళ్ల మీద ప్యాడ్ పెట్టుకున్నాను.

పదకొండు కేజీలు. పట్టు రెండొందలు.
తొమ్మిది కేజీలు. పట్టు నూటేభై.
ఆరు.
నాలుగున్నర.
తర్వాత ఐదు వారాలు ఖాళీ.
ఆ ఖాళీ ఎందుకో నాకు తెలుసు.
ఆ చేతిని చూశాను కదా.
కానీ నకలులో
అసల్లో లేని అక్షరం రాయకూడదు.
ఐదు గీతలు గీశాను.
గీతలు కొంచెం గట్టిగానే పడ్డాయి,
కింది కాగితం మీద కూడా.

నాలుగూ యాభైకి ముద్ర పడింది.
తేదీ కొంచెం అలికింది గానీ
తెలుస్తోంది.

ఇచ్చిన వాయిదా చీటీ చూశాను.
బుధవారం.
మళ్లీ కౌంటరు దగ్గరికి నడిచాను.
సూర్యకాంతం గారు అప్పటికే
కిటికీ రెక్క సగం దించారు.
"అమ్మా, ఒక్క మాట."